ఉగాది పచ్చడిలో వేపపువ్వు ఎవరు వెయ్యాలి?



పోస్టు కొంచెం పొడవు. వచ్చే ఆదివారం మన సర్వసభ్య సమావేశం ఉంది, అందులో వచ్చే ఏడాది ఉగాది ఖర్చు గురించి తీర్మానం చేస్తారు. ఆ లోపల మా మాట కూడా మీ చెవిన వెయ్యాలని రాస్తున్నాం. మేము అంటే కావేరిపాక్కంలో ఒకే వీధిలో ఉన్న నాలుగు ఇళ్ళవాళ్ళం. నలుగురం కూర్చుని మాట్లాడుకుని రాసింది కాబట్టి తప్పయినా ఒప్పయినా నలుగురిదీ.

మార్చి 30న విశ్వావసు ఉగాది చేసుకున్నాం కదా. ఆదివారం పడింది, హాలు నిండింది. వేదిక, పూలదండలు, పెద్ద ఫ్లెక్సీ, సౌండు బాక్సులు, శాలువాలు, అన్నీ బాగానే జరిగాయి. చందాలు వసూలు చేసినవాళ్ళలో మేమూ ఉన్నాం, ఫ్లెక్సీ కట్టినవాళ్ళలోనూ ఉన్నాం. కాబట్టి ఇప్పుడు చెప్పబోయేది కార్యవర్గం మీద ఫిర్యాదని అనుకోవద్దు.

గుమ్మం దగ్గర పచ్చడి చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఇచ్చారు. వంటవాళ్ళు చేసి తెచ్చింది. అరటిపండు, బెల్లం, జీడిపప్పు, కిస్‌మిస్, కొద్దిగా మామిడికాయ. వేపపువ్వు లేదు. మా ఇంటి ఏడేళ్ళ పిల్లవాడు ఒక స్పూను తిని, "ఇది పాయసమా అవ్వా?" అని అడిగాడు. అవ్వ నవ్వేసి ఊరుకుంది. తరవాత మూడు గంటలు ఉపన్యాసాలు, సన్మానాలు. పంచాంగ శ్రవణం జరిగే వేళకి భోజనాల వరస మొదలైంది. రాజు ఎవరో మంత్రి ఎవరో వినడానికి ముందు వరసలో పది మంది మిగిలారు. పిల్లలు వెనక కుర్చీల్లో సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు.

మరునాడు సోమవారం రంజాన్. మా పక్కింటి భాయ్ వాళ్ళు ఎప్పటిలాగే షీర్ ఖుర్మా పంపించారు. తెచ్చినవాడు వాళ్ళ అబ్బాయి, మావాడి తరగతే. వాడు మా గడప మీద కూర్చుని, ఈసారి ఎన్ని రోజులు ఉపవాసం ఉన్నాడో, తెల్లవారుజామున ఎవరు లేపారో, నెలవంకను డాబా మీద నుంచి ఎలా వెతికారో, పేదవాళ్ళకి ఇచ్చే ధాన్యం లెక్క ఎలా వేస్తారో చెప్పాడు. చెప్పి, "నిన్న మీ పండుగలో ఏం చేశారు?" అని తమిళంలో అడిగాడు. మావాడు కాసేపు ఆలోచించి, "హాల్‌కి పోయి వచ్చాం" అన్నాడు.

ఆ ఒక్క మాట మమ్మల్ని రెండు వారాలకు పైగా వదలడం లేదు. అబద్ధం చెప్పాడా అంటే, లేదు. హాలుకి పోయి రావడం తప్ప వాడికి మనం ఇంకేం పని పెట్టాం?

మనలాంటి వాళ్ళకి పండుగ అంటే ఏమిటో ఒకసారి ఆలోచిద్దాం. మన తాతల కాలంలో ఇది ఉత్తర ఆర్కాడు జిల్లా. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చిత్తూరు, వేలూరు ఒకే జిల్లా కింద ఉండేవి. 1960 ఏప్రిల్‌లో ఆంధ్ర, మద్రాసు రాష్ట్రాల సరిహద్దు సరిచేసినప్పుడు తిరుత్తణి ఇటు వచ్చింది, సత్యవేడు వైపు ఊళ్ళు అటు పోయాయి. 2019లో వేలూరు జిల్లాని మూడు చేశాక మన కావేరిపాక్కం రాణిపేట జిల్లాలోకి వచ్చింది. గీతలు ఇన్నిసార్లు మారాయి, మన ఇళ్ళు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి. మనం ఎక్కడి నుంచో నిన్న మొన్న వలస వచ్చినవాళ్ళం కాము. అలాగని మన చుట్టూ వినిపించేది తెలుగూ కాదు.

బడి సంగతి మీకు తెలుసు. 2006లో వచ్చిన చట్టంతో బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. ఉన్న ఊరి భాష నేర్చుకోవాల్సిందే, అందులో మాకు పేచీ లేదు. మా పిల్లలు తమిళంలో మంచి మార్కులు తెచ్చుకుంటే మాకు సంతోషమే. కానీ తెలుగు అక్షరం నేర్పే చోటు మన పక్కన దాదాపు లేకుండా పోయింది. సినిమా తెలుగు ఉంది, అది వేరే రకం. ఆంధ్రాలో ఉన్న చుట్టాలు వచ్చినప్పుడు మన మాట విని, "ఇది తెలుగా, అరవమా?" అని నవ్వుతారు. దానికి సిగ్గుపడి మన పిల్లలు వాళ్ళ ముందు నోరు విప్పరు. చివరికి తెలుగు ఇంట్లోనే మిగిలింది. ఇంట్లో కూడా అవ్వతో మాట్లాడేటప్పుడు, పండుగ నాడు.

పండుగ నాడు ఎందుకంటే ఆ రోజు వాడే మాటలకి తమిళంలో మనం బదులు వెతుక్కోలేదు కాబట్టి. తోరణం, గడపకి పసుపు, తలంటు, బొబ్బట్లు, ఉగాది పచ్చడి, పంచాంగం. ఈ మాటలు ఇంకా మన నోట్లో ఉన్నాయంటే ఆ పనులు ఇంకా చేస్తున్నాం కాబట్టి. పని పోయిన రోజు మాట కూడా పోతుంది. మామిడాకులు తెచ్చి దారానికి గుచ్చినవాడికి తోరణం అనే మాట ఎవరూ నేర్పక్కర్లేదు. ప్లాస్టిక్ తోరణం కొని మేకుకి తగిలించినవాడికి ఆ మాటతో పనేముంది?

మా మాట ఇంతే. తెలుగు బడి లేని ఊళ్ళో పండుగే మన బడి. ఆ బడిలో పిల్లలకి పని లేకపోతే పాఠమూ లేదు.

దీన్ని చూసి కొందరు, "అయితే తమిళ పండుగలు మానేసి మనవి గట్టిగా చేసుకుందాం" అంటారేమో. గ్రూపులో ఇలాంటి మాట ఇదివరకు వచ్చింది కూడా. దానికీ మేము ఒప్పుకోం. మన ఊరి సంవత్సరం ఎలా నడుస్తుందో చూడండి. పల్లవుల కాలం నాటిదని చెప్పే మన చెరువు తమిళనాడులోని పెద్ద చెరువుల్లో ఒకటి. పాలారు ఆనకట్ట నుంచి కాలవలో నీళ్ళు వచ్చి అది నిండితేనే మన పొలాలు పండుతాయి. ఆ బియ్యంతో పొంగలి పెట్టేటప్పుడు మనం దాన్ని తమిళ పండుగ అని పక్కన పెడతామా? మన పెద్దపండుగ, వాళ్ళ పొంగల్ ఒకే రోజు, ఒకే పొయ్యి. ఆడి నెలలో అమ్మవారి గుడి దగ్గర కూళు పోస్తే మన ఆడవాళ్ళు బిందెలతో పోయి పోస్తున్నారు, మనం దాన్ని అంబలి అంటాం. కార్తికకి దీపాలు పెట్టే గడపల్లో ఏది తెలుగు గడపో ఏది తమిళ గడపో దీపాన్ని బట్టి ఎవరూ చెప్పలేరు.

ఉగాదినే తీసుకోండి. ఈ ఏడాది పేరు మనకి విశ్వావసు. ఏప్రిల్ 14న పుట్టిన తమిళ సంవత్సరం పేరూ విశ్వావసే. అరవై పేర్ల చక్రం ఇద్దరిదీ ఒకటే. మనది చంద్రుణ్ణి బట్టి, వాళ్ళది సూర్యుణ్ణి బట్టి, అందుకే ఈసారి పదిహేను రోజుల తేడా. వాళ్ళు ఆ రోజు చేసే మాంగా పచ్చడిలోనూ మామిడికాయ, బెల్లం, వేపపువ్వు ఉంటాయి. మధ్యలో ప్రభుత్వం 2008లో చట్టం చేసి తమిళ సంవత్సరాదిని తై ఒకటికి మార్చింది, 2011లో వచ్చిన ప్రభుత్వం దాన్ని రద్దు చేసి మళ్ళీ చిత్తిరై ఒకటికి తెచ్చింది. ఆ మూడేళ్ళూ మా వీధిలో మాంగా పచ్చడి చిత్తిరై ఒకటినే చేశారు. పండుగ తేదీ గెజెట్‌లో ఉండొచ్చు, పండుగ ఉండేది వంటింట్లో. మనకీ అంతే. తమిళనాడు ప్రభుత్వం సెలవుల జాబితాలో తెలుగు సంవత్సరాది ఉంది, దానికి కృతజ్ఞులం. ఆ సెలవు రోజున ఏం చెయ్యాలో చెప్పాల్సింది మాత్రం మనమే.

ఇంకో నెలలో గుడియాత్తంలో గంగమ్మ సిరసు పండుగ. మనలో చాలామంది ఏటా పోతారు. వైకాసి ఒకటిన అమ్మవారి సిరసును ఊరేగించి తెచ్చి గోపాలపురం గుడిలో మొండేనికి అమర్చుతారు. దాని వెనక ఉన్న రేణుక కథ మీకు తెలిసిందే. తండ్రి మాట మీద పరశురాముడు తల్లి తల నరికాడు, ఆమెను కాపాడబోయిన వేరే కులపు ఆమె తలా పోయింది. మళ్ళీ బతికించే తొందరలో ఒకరి తల ఇంకొకరి మొండేనికి అతికింది. మన పెద్దవాళ్ళు ఈ కథ తెలుగులో చెప్తారు, గుడి దగ్గర తమిళంలో చెప్తారు. పడవీటిలో రేణుకాంబ, తెలంగాణలో ఎల్లమ్మ, అందరిదీ ఆ కథే. అదే మే నెలలో తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. అక్కడ బైరాగి వేషం, మాతంగి వేషం వేసుకుని వీధుల్లో తిరుగుతారు, చివరి రోజు అమ్మవారి మట్టి విశ్వరూపాన్ని తీసేసి ఆ మట్టిని జనానికి పంచుతారు. పలమనేరు వైపు నుంచి కౌండిన్య నది సరిహద్దు దాటి గుడియాత్తంలోకి వచ్చినట్టే అమ్మవారూ వచ్చింది. ఆ నీళ్ళది ఏ భాష అని అడిగేవాడు ఉంటాడా?

గుడియాత్తం సిరసు చూసినప్పుడల్లా మాకు మన బతుకే గుర్తుకొస్తుంది. తల ఒక ఇంటిది, ఒళ్ళు ఒక ఇంటిది, అయినా దణ్ణం పెట్టేది కలిసిన ఆ రూపానికే. మన నోటి మాట తెలుగు, కాళ్ళ కింద నేల తమిళం. దాన్ని విడదీసి ఏది అసలు ఏది అతుకు అని తేల్చే పని సంఘానికి వద్దు.

ఇక లోకంలో వేరే జనం ఏం చేస్తున్నారో కొంచెం చూద్దాం. మనకే ఈ కష్టం వచ్చిందనుకోవడం పొరపాటు.

యూదుల పస్కా పండుగ తీసుకోండి. వాళ్ళు వేల ఏళ్ళు దేశదేశాల్లో చెల్లాచెదురుగా బతికారు. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. పస్కా రాత్రి భోజనం దగ్గర ఇంట్లో అందరికంటే చిన్నవాడు లేచి ప్రశ్నలు అడగాలి. ఈ రాత్రికీ మిగతా రాత్రులకీ తేడా ఏమిటి, ఈరోజు చేదు ఆకు ఎందుకు తింటున్నాం, ఉప్పునీళ్ళలో ఎందుకు ముంచుతున్నాం అని. పెద్దవాళ్ళు దానికి జవాబుగా తమ కథ మొత్తం చెప్పాలి. చేదు ఆకు బానిసతనానికి గుర్తు, ఉప్పునీళ్ళు కన్నీళ్ళకి గుర్తు. మన ఉగాదిలాగే అక్కడా చేదు నోట్లో పెట్టుకోవాలి. కాకపోతే అక్కడ ఆ చేదు ఎందుకని అడగడం పిల్లవాడి హక్కు, చెప్పడం పెద్దవాడి విధి. మన హాల్లో పిల్లవాడు "పాయసమా?" అని అడిగితే మనం నవ్వి ఊరుకున్నాం. అడిగినవాడు అడగనే అడిగాడు, చెప్పాల్సిన మనమే చెప్పలేదు.

ఇరాన్, అఫ్ఘానిస్తాన్, మధ్య ఆసియా దేశాల్లో మార్చి 20, 21 తేదీల్లో నౌరోజ్ చేస్తారు. మన ఉగాదికి కొద్దిరోజుల అటూ ఇటూ. పార్సీలు కూడా ఆ రోజును పాటిస్తారు. 2010లో ఐక్యరాజ్యసమితి మార్చి 21ని అంతర్జాతీయ నౌరోజ్ దినంగా గుర్తించింది. ఇరాన్ ఇళ్ళలో ఆ రోజు వాళ్ళ భాషలో 'స' అక్షరంతో మొదలయ్యే ఏడు వస్తువులు ఒక బల్ల మీద పేరుస్తారు. వెల్లుల్లి, ఆపిల్, సిర్కా, మొలకెత్తిన గోధుమ నారు ఇలాంటివి. ఆ నారు పండుగకి రెండు వారాల ముందే పళ్ళెంలో పోసి పెంచాలి. అమెరికాకి పోయిన ఇరానీ ఇంట్లో కూడా పిల్లలు ఆ పళ్ళేనికి నీళ్ళు చల్లుతారు. ఒక అక్షరం, ఏడు వస్తువులు, రెండు వారాల పని. అక్షరాన్ని కాపాడే ఉపాయం వాళ్ళు తినే బల్ల మీదే పెట్టుకున్నారు.

థాయిలాండ్‌లో ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సోంక్రాన్. ఆ మాట మన సంక్రాంతే. పిల్లలు పెద్దవాళ్ళ చేతుల మీద సువాసన నీళ్ళు పోసి దీవెన తీసుకుంటారు. అదే పండుగ పట్నం వీధుల్లో నీళ్ళ తుపాకుల ఆటగా మారింది, అది చూడటానికి విమానాలెక్కి వస్తారు. వీధిలో ఆట ఉన్నా ఇంట్లో చేతుల మీద పోసే నీళ్ళు ఆగలేదు. మనమూ వేదికని పూర్తిగా తీసేయాలని అనడం లేదు. ఇంట్లో పోసే నీళ్ళు ఆగకుండా చూసుకుందాం అంటున్నాం.

మన తెలుగువాళ్ళ సంగతే కావాలంటే మారిషస్ చూడండి. సుమారు నూట ఎనభై ఏళ్ళ కింద చెరుకు తోటల్లో కూలికి మనవాళ్ళు ఓడలెక్కి పోయారు. ఇవాళ అక్కడ ఉగాది దేశమంతటికీ సెలవు. ఆ చిన్న దేశపు సెలవుల జాబితాలో మహాశివరాత్రి, ఉగాది, తైపూస కావడి, చైనా కొత్త సంవత్సరం, రంజాన్, దీపావళి అన్నీ ఉన్నాయి. అక్కడివాళ్ళు సింహాద్రి అప్పన్న పూజ చేస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రామభజన చేస్తారు. ఇంటి మాట మాత్రం చాలావరకు క్రియోల్ అయిపోయింది. వాళ్ళు అక్కడితో ఊరుకోకుండా బడుల్లో తెలుగు చెప్పించుకుంటున్నారు. దీంట్లో మనకి రెండు పాఠాలున్నాయి. సెలవు ఇచ్చినంత మాత్రాన ఇంటి మాట నిలవదు. పండుగ నిలిస్తే మాత్రం, పోయిన మాటని మళ్ళీ నేర్చుకోవాలనే కోరిక చావదు.

ఇంత దూరం చెప్పాక, దగ్గర్లో ఉన్న ఒక మాట చెప్పకపోతే అన్యాయం. ఇది కొందరికి నచ్చకపోవచ్చు.

మన హాల్లో ఆ రోజు నిండిన కుర్చీల్లో ఎవరెవరు ఉన్నారు? ఎవరు లేరు? ఉత్తర తమిళనాడు పట్టణాల్లో వీధులు ఊడ్చే, కాలవలు తీసే పనుల్లో ఉన్న కుటుంబాల్లో ఇంటి భాష తెలుగైనవి ఎన్నో ఉన్నాయి. ఉగాది మరునాడు పొద్దున హాలు ముందు పడిన ఆ ప్లాస్టిక్ కప్పులు ఊడుస్తున్న ఆమె తన కూతురితో మాట్లాడుతుంటే మేము విన్నాం. చక్కటి తెలుగు. మన పిల్లలకంటే మంచి తెలుగు. ఆ అమ్మాయికి మనం ఆహ్వానం పంపలేదు. పంపాలని మాకెవరికీ తోచనే లేదు. తెలుగువాళ్ళ సంఖ్య తగ్గిపోతోందని ప్రతి ఉపన్యాసంలో బాధపడతాం. లెక్కపెట్టేటప్పుడు మాత్రం మన వీధులనే లెక్కపెడతాం. భాష కోసం కట్టుకున్న సంఘంలో భాష ఉన్నవాళ్ళకే చోటు లేకపోతే, గుడియాత్తంలో సిరసు ముందు కొబ్బరికాయ కొట్టి మనం ఏం తెలుసుకున్నట్టు?

కాబట్టి సమావేశంలో మేము పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి. ముందే చదువుకుని రండి, తప్పులుంటే చెప్పండి.

ఒకటి. వచ్చే ఉగాది 2026 మార్చి 19, గురువారం. పొద్దున పచ్చడి మనమే చేద్దాం, పిల్లల చేత చేయిద్దాం. ఆరు రుచులకి ఆరు జట్లు. ఒక జట్టు చింతపండు నానబెట్టి పిసకాలి, ఒక జట్టు మామిడికాయ తరగాలి, ఒక జట్టు బెల్లం కొట్టాలి, ఇంకొకటి ఉప్పు, ఇంకొకటి కారం. వేపపువ్వు జట్టు ముందురోజే చెట్ల కింద గుడ్డ పరిచి పువ్వు రాల్చి, ఈనెలు తీసి తేవాలి. మార్చిలో పువ్వు అన్ని చెట్లకీ రాదు, కాబట్టి ఈ ఏప్రిల్‌లోనే కొంత ఏరి ఎండబెట్టి దాచుకుందాం. మా ఇంటి దగ్గర రెండు చెట్లు పూసి ఉన్నాయి, ఎవరైనా రావచ్చు.

రెండు. పచ్చడి పంచే ముందు ఆరుగురు పిల్లలు ఆరు ప్రశ్నలు అడగాలి. పెద్దవాళ్ళు మైకు లేకుండా జవాబు చెప్పాలి. ఇంటి తెలుగులోనే చెప్పాలి, పుస్తకం తెలుగు అక్కర్లేదు. మధ్యలో తమిళ మాట దొర్లితే ఎవరూ నవ్వకూడదు. మన తెలుగు ఇదే, దీనికి మనం సిగ్గుపడితే పిల్లలు ఇంకేం మాట్లాడతారు?

మూడు. పంచాంగ శ్రవణం భోజనాలకి ముందు, అరగంటలో. వానలు, పంటలు, సంవత్సరం పేరు. ఆ పేరును ఒక పిల్ల గాని పిల్లవాడు గాని తెలుగు అక్షరాల్లో పలక మీద రాసి చూపించాలి. వచ్చే ఏడాది పేరు పరాభవ. నాలుగు అక్షరాలు. పేరు చూసి భయపడేవాళ్ళు ఉంటారు, పంచాంగంలో ఇలాంటి పేర్లు ఇంకా ఉన్నాయి, అరవై ఏళ్ళకోసారి వచ్చి పోతుంటాయి. ఆ నాలుగు అక్షరాలు నేర్చుకోవడానికి మనకి పదకొండు నెలలు ఉన్నాయి. అవి రాయలేకపోతేనే అసలైన పరాభవం.

నాలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడే ప్రతి గడపకీ ఆహ్వానం, కులం అడగకుండా. పంక్తి ఒకటే. వడ్డించేవాళ్ళు అందరి నుంచీ.

ఐదు. వచ్చే ఏడాది ఉగాది నాటికి మన ముస్లిం పొరుగువాళ్ళు ఉపవాసాల్లోనే ఉంటారు, రంజాన్ నెలవంకను బట్టి ఆ వెంటనే వస్తుంది. అందుకని వాళ్ళకి పచ్చడి, బొబ్బట్లు సాయంత్రం ఉపవాసం విడిచే వేళకి పిల్లలే తీసుకెళ్ళి ఇవ్వాలి. తమిళ పొరుగువాళ్ళని పొద్దునే పిలుద్దాం. ఏప్రిల్ 14న వాళ్ళ ఇళ్ళకి మనం పోదాం. మన పిల్లలు పండుగ గురించి పక్కింటివాడికి చెప్పగలిగితే అది వాళ్ళకి వచ్చినట్టే లెక్క.

ఆరు. వేదిక కావాలంటే సాయంత్రం గంటన్నర. పిల్లల పాటలు, ఒక నాటిక. సన్మానం ఒక్కటే, అది ఆ ఏడాది నలుగురికి తెలుగు అక్షరాలు నేర్పినవాళ్ళకి. మిగిలిన డబ్బుతో పలకలు, పెద్ద బాలశిక్ష ప్రతులు కొందాం.

అభ్యంతరాలు ఉంటాయని తెలుసు. "పెద్దవాళ్ళని వేదిక మీదికి పిలవకపోతే సంఘానికి పలుకుబడి ఎలా వస్తుంది?" అని ఒక అన్నయ్య ఇప్పటికే ఫోన్ చేసి అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఒక సర్టిఫికెట్ కావాలన్నా, బడిలో తెలుగు టీచరు పోస్టు కోసం అర్జీ పెట్టాలన్నా నలుగురు పెద్దవాళ్ళతో పరిచయం కావాలి. దానికి వేరే రోజు పెట్టుకుందాం, మేమూ వచ్చి కుర్చీలు వేస్తాం. ఉగాది పొద్దున మాత్రం పిల్లలకి వదిలేద్దాం. రేపు తెలుగు టీచరు పోస్టు వచ్చినా, ఆ తరగతిలో కూర్చోవడానికి పిల్లలు కావాలి కదా.

"తెలుగు నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందా?" అన్నది ఇంకో ప్రశ్న. రాదు. అవ్వతో మాట్లాడటానికి ఉద్యోగం అక్కర్లేదు. మా వీధిలో ఒక అవ్వకి ఎనభై దాటాయి. ఆమెకి వచ్చిన సామెతలు, పాటలు, పొలం పనుల మాటలు ఆమె మనవళ్ళకి రావు. ఆమె చెప్పగలదు, వాళ్ళు అడగడం లేదు. అడగడానికి ఒక రోజు, ఒక సందర్భం, చేతికి ఒక పని కావాలి. మనం ఇవ్వగలిగింది అంతే.

మొన్న ఏప్రిల్ 14న మా ఎదురింటి తమిళ అమ్మ మాంగా పచ్చడి ఇచ్చింది. అందులో వేయించిన వేపపువ్వు ఉంది. మావాడు నోట్లో పెట్టుకుని మొహం చిట్లించి, "ఇది చేదుగా ఉంది, ఎందుకు?" అని అడిగాడు. ఈసారి అవ్వ నవ్వి ఊరుకోలేదు. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. తీపి తిన్నట్టే చేదూ తినాలి నాయనా, ఏడాదిలో రెండూ వస్తాయి, మొదటిరోజే నాలిక మీద పెట్టుకుంటే వచ్చినప్పుడు బెదిరిపోం అని. మనం మన పండుగలో చెప్పాల్సిన మాట, పక్కింటి పండుగ చెప్పించింది. ఆ అమ్మకి రుణపడి ఉన్నాం. వచ్చే ఏడాది ఆ ప్రశ్న మన పచ్చడి దగ్గరే పుట్టాలి.

ఆదివారం అందరూ రండి. పిల్లల్ని కూడా తీసుకురండి, వాళ్ళ గురించే మాట్లాడుతున్నాం కాబట్టి. మీ ఇంట్లో ఉగాది పచ్చడి ఎలా చేస్తారో, ఎవరు చేస్తారో కింద రాయండి. తెలుగు అక్షరాలు రానివాళ్ళు తమిళ అక్షరాల్లోనే తెలుగు రాయండి, మేము చదువుకుంటాం.